ఏడో ప్రశ్న

కేశనపల్లిలో ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
"వాతావరణ మార్పును మీరు గమనించారా?"
అవును, కాదు. రెండే గళ్ళు.

గుబ్బల నూకరత్నంగారు చేట పక్కన పెట్టి నవ్వారు.
"ఆయ్, మారకపోతే అది వాతావరణం ఎందుకవుద్దండీ?
పొద్దున్న ఎండ కాసింది, వడియాలు పెట్టేను.
ఇప్పుడు అంతర్వేది వైపు నల్లగా కమ్మింది,
తీసేత్తన్నాను."

నిజమే.
పైనుంచి వచ్చిన కాగితంలో
ఒకే మాటని రెండింటికీ తొడిగారు:
పూట ఉండిపోయే మబ్బుకీ,
తరాల తరబడి నేలలోకి ఎక్కే ఉప్పుకీ.

బళ్ళో నేర్పిన ఇంకో మాట ఉంది, తీసి చూపించాను.
శీతోష్ణస్థితి.
ఆవిడ ఒకసారి పలికి చూశారు.
"మందు బిళ్ళ పేరులా ఉందండీ."

ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.
బోరింగు కింద బిందె, దాని మెడ చుట్టూ తెల్లటి చార.
ఎవరూ తోమనట్టుంది, తోమి తోమి వదిలేసినట్టూ ఉంది.

"సార్వా ఊడ్పులకి వాన రాలేదని ఓ ఏడు ఏడుత్తాం,
కోతలకి వచ్చిందని ఓ ఏడు.
అది మామూలేనండి.
వరసగా ఆరేళ్ళు పనల మీదే పడిందనుకోండి,
మా ఆయన చూరులోంచి కొడవలి తియ్యడం మానేశాడు.
మానేసిన రోజు వాన లేదండి.
చక్కటి ఎండ."

అని, లేచి వాకిట్లోకి నడిచారు, వెనకే నేను.
"మా మావగారిది తాటాకిల్లు, ఒక్క మెట్టు.
ఎనభయ్యారు గోదారి పోయాకా ఇదిగో ఈ మూడూ.
అదిగో, పెద్దోడు పునాది తీయిత్తన్నాడు,
మేస్త్రీ ఐదంటన్నాడు."

గళ్ళ బయట, అంచులో రాసుకున్నాను: ఐదు మెట్లు.

నాలుగు చినుకులు కాగితం మీద పడ్డాయి.
"ఇది వానేనండి, దీనికి గొడుగు చాలు" అని
చూరుకి వేలాడేది తీసి నా చేతికిచ్చారు,
ఒక ఊచ విరిగింది.

గుంటలోంచి మేస్త్రీ తల పైకెత్తాడు:
"ఐదేనా అత్తా? ఖాయం చేసెయ్యనా?"

ఆవిడ మబ్బుకేసి చూడలేదు.
అరచెయ్యి మొల దగ్గర ఆనించుకుని,
కొంచెం ఆలోచించి,
రొమ్ముదాకా ఎత్తారు.

అంచులో ఐదు కొట్టేశాను.