చల్లని బానెట్

మొదటి కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించాను.
వెచ్చగా ఉంది.
మేం వస్తున్నామని తెలిసి
ముందే ఇంజన్ తిప్పి, ఆపి,
ఏమీ ఎరగనట్టు కాఫీ కప్పుతో నిలబడ్డాడు.
దగ్గుమనిషికి చుట్టాలొచ్చే ముందు
మిరియాల కషాయం పట్టినట్టు.

"పద" అన్నాను మారిట్‌తో.
"ఎర్రగా ఎంత బావుందో చూడమ్మా!"
చూశాను. అందుకే పద అన్నాను.

ఆగిపోయిన బళ్లని లాక్కొచ్చే లారీ
డులూత్ వీధుల్లో ముప్పయ్యేళ్లు నడిపాడు మా నాన్న.
ఆయన నాకిచ్చిన ఆస్తి ఒక టార్చిలైటూ ఒక మాటా:
చలి అబద్ధమాడదు.

మా దగ్గరున్నది మూడువేల నాలుగొందల డాలర్లు.
సగం పైన మారిట్‌దే,
రెండు వేసవులు పాన్‌కేకుల హోటల్లో బల్లలు తుడిచిన డబ్బు,
ఆ నోట్లకి ఇంకా సిరప్ జిగురు వదల్లేదు.
మిగతాది ఎక్కణ్ణించి వచ్చిందో
నా పళ్ల డాక్టరుకి తెలుసు.

కాలేజీ ఉన్న బెమిడ్జి నూటయాభై మైళ్లు.
మధ్యలో అడవి, జింకలు,
ఫోను పలకని నలభై మైళ్లు.
ఆస్పత్రి వంటింట్లో రాత్రి షిఫ్టుల్లో
గిన్నెలు తోముతూ
ఆ నలభై మైళ్లే ఎన్నిసార్లు నడిపానో.

వెర్నా హౌగెన్ పొద్దున్న ఆరింటికి రమ్మంది.
"రాత్రంతా బయటే ఉంచుతాను,
గడ్డకట్టాక చూసుకోండి."

సున్నాకి ఇరవై డిగ్రీలు కింద.
చల్లారిన టీ రంగు బ్యూయిక్,
దాన్ని అందమని ఎవరూ అనరు.
రెండు లక్షల పధ్నాలుగు వేల మైళ్లు.
"ఇంకో పాతికవేలు తిరిగితే
చందమామ మీద దిగొచ్చు," మారిట్ గొణిగింది.

చేతొడుగు తీసి బానెట్ మీద చెయ్యి పెట్టాను.
చర్మం అంటుకుంది.

తాళం తిప్పింది పిల్ల.
ఒక్కసారి గొంతు సవరించుకుని
అందుకుంది ఇంజన్,
పొద్దున్నే లేవడం అలవాటైన మనిషిలా.

నేను మంచులో వెల్లకిలా పడుకుని టార్చి వేశాను.
ఉప్పు చల్లిన రోడ్లు ఏ బండినీ వదలవు.
తుప్పు ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను.
తోలుకే ఉంది, ఎముక దాకా పాకలేదు.
బ్రేకు గొట్టాలు కొత్తవి.

వింత ఒకటే:
డ్రైవరు వైపు సీటు బాగానే ఉంది,
పక్కదే గుంటపడి, దారాలు తేలింది.

అడిగితే నవ్వింది వెర్నా.
పదకొండేళ్లు ఈ బండిలో ఉత్తరాలు పంచిందట,
కుడివైపు కూర్చుని,
ఎడంకాలు పెడల్ దాకా చాపి,
ఎడంచెయ్యి స్టీరింగ్ మీద,
కుడిచెయ్యి కిటికీ బయట.
రోజుకి నాలుగొందల పన్నెండు పెట్టెలు.
ఆగు, కదులు. ఆగు, కదులు.
"ఆ పక్క అద్దం సగమే దిగుతుంది,
అది చెప్పకుండా అమ్మను.
కానీ దీనికి ఆగడం బాగా వచ్చు.
పిల్లకి కావలసింది అదేగా."

డాష్‌బోర్డు అరలో రబ్బరుబ్యాండు చుట్టిన నోటుపుస్తకం.
నూనె మార్చిన ప్రతిసారీ తేదీ, మైళ్లు, ధర.
ఒకచోట మాత్రం,
వణికిన అక్షరాల్లో:
జింక. తప్పింది.
మారిట్ ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయింది.
ఎర్ర కారు మాట మళ్లీ ఎత్తలేదు.

మూడువేల ఆరొందలంది. మూడువేల రెండన్నాను.
పళ్లు టకటకలాడుతుంటే బేరం ఎంతసేపు సాగుతుంది?
ఉన్నదంతా ఇచ్చి,
పెట్రోలుకి ఇద్దరం జేబులు తడుముకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు మారిట్ నడిపింది.
నేను వెర్నా గుంటలో కూర్చున్నాను,
నాకు కాస్త పెద్దదే.
దారిపక్క ప్రతి పోస్టుపెట్టె దగ్గరా
నా కుడిచెయ్యి ఊరికే కదిలింది.

ఇంటి ముందు బండి ఆపి నోటుపుస్తకం తీసింది.
పెన్ను గడ్డకట్టి రాయలేదు,
ఊపిరి ఊది వెచ్చజేసింది.
తేదీ. 2,14,038.
పెట్రోలు పన్నెండు డాలర్లు.
అమ్మ పక్కన.
అద్దం సగం.