పొల్లు

సంతకం కోసం ఫారం ఇస్తే
ఏకాంబరం గారు ముందు ఎర్ర పెన్ను అడిగారు.
అడగడమంటే, వేలితో గాలిలో ఒక గీత.
నాలుక సగం కోసేసి అది తొమ్మిదో రోజు.

మింట్ స్ట్రీట్‌లో ముప్ఫై ఏళ్ళు
సీసపు అక్షరాలు ఏరి కూర్చిన మనిషి.
చేతులు రెండూ కేసుల మీదే గనక
తమలపాకూ పొగాకూ ఎడమ చెంపలో కాపురం.
ఎందరి శుభలేఖలో
ఆ ఉబ్బిన చెంప పక్కనుంచే అచ్చుకెళ్ళాయి.

"పరిశొధన"కి దీర్ఘం ఇచ్చారు.
ఇంకో రెండు తప్పులు పట్టి, అంచున గుర్తులు పెట్టి,
పలక మీద రాశారు:
నా ముక్కలో ఏం వెతుకుతారు?

నాకొచ్చిన తెలుగులో చెప్పాను.
జన్యువంటే నాలుగక్షరాల రాత అయ్యా.
"ఇక చాలు, ఆగు" అని కణానికి చెప్పే జన్యువొకటుంది,
మీలోనూ ఉంది, అక్షరం పొల్లుపోకుండా.
కాకపోతే "సి" పక్కన "జి" వచ్చిన చోటల్లా
మిథైల్ అని ఓ చిన్న గుంపు నెత్తికెక్కి కూర్చుంది.
ఉండీ మాట్లాడదు.

పొల్లు దగ్గర ఆగిపోయారాయన.
పలక తుడిచి "క" రాశారు.
తలకట్టు వేలితో చెరిపి
పైన చిన్న మెలిక.
క్.
నా వైపు తిప్పారు.

అదేనండీ, అన్నాను. అదే.

చిమటాతో లాగెయ్యొచ్చా?

సాసర్లో పెంచిన కణాల్లో ఒక్కోసారి ఊడుతుంది.
మనుషుల నోళ్ళలో ఇంకా,
అని ఫారం మడిచాను.

ఆ రాత్రి ల్యాబులో బైసల్ఫైట్ పోశాను.
బయట వాన, కిటికీ సందులోంచి కూవం వాసన.
పొల్లు లేని సి లన్నీ టి లైపోతాయి,
పొల్లున్నవే సి లుగా మిగుల్తాయి.
తెల్లారేసరికి తెర మీద బారులు తీరి
నోరు మూసుకున్నవే సాక్ష్యం.
మరోచోట, ఏనాడూ తెరవకూడని పేటల్లో
పొల్లులు రాలిపోయి
ఎవరూ పిలవని గోల.

ఎర్రగీతల కాగితం చెల్లదంది ఆఫీసు.
ఆయన దిద్దినట్టే దిద్ది కొత్తది తీసుకెళ్ళాను.
ముక్కులో గొట్టం, ఒళ్ళో పలక.
పైనుంచి కిందికి చదివారు, నిదానంగా,
ప్రూఫు చదివినట్టే.
సంతకం చేశారు: ఏకాంబరమ్.
సున్నా కాదు, పాత పద్ధతి.

బావుందా అయ్యా, ఈసారి?

పెదాలు మూసి,
నాలుక అక్కర్లేని ఆ ఒక్క హల్లుతో
"మ్" అన్నారు.
పెన్ను మాత్రం తిరిగివ్వలేదు.