భంగార్ పిస్తోలు

చంద్రపూర్‌ల పాత ఇనుము దుకాణం కాడ
నాలుగు వందలన్నదాన్ని నూట ఎనభైకి తెచ్చిండు
ఆటల సారు తలాండి లచ్చన్న.
ఆరు గంటల బస్సు, అంగీ లోపల చుట్టుకొని.
"మరాఠీల భంగార్ అంటరు పెంటన్నా,
ఒక్క ఒత్తు తీసి చూడు" అన్నడు.
నాకు నవ్వొచ్చింది.
మరాఠీ బడిల చదివినోడు
తెలుగు అక్షరంతోని బేరమాడుతుండు.

పరుగు పందెం మొదలుపెట్టే పిస్తోలది.
గుండు పోయే తొవ్వ లేదు.
చేసినోడే గొట్టంల కడ్డీ దిగేసి మూసిండు.
చప్పుడు తప్ప ఏమీ రాని తుపాకి.

నేను కుట్టు మిషన్లు బాగుచేసేటోన్ని.
సిరొంచ బజార్ల, రేకుల కొట్టు.
తుపాకి పట్టుడు అదే మొదలు.
బల్ల మీద పెట్టిన్నో లేదో
తన మిషన్ కోసం వచ్చిన రాజక్క
గడప కాడనే ఆగిపోయింది:
"అది బయటికి పోయినంక వస్త."

పొగ పోయే సందుల కందిరీగ గూడు.
మట్టి గీకితే
లోపల ఎండిపోయిన పిల్ల పురుగు, బియ్యపు గింజంత.
కిరసనాయిలుల రెండు రాత్రులు నానేసిన.
కొట్టే మీటను ఘోడా అంటరట;
ఆ గుర్రానికి మోకాళ్లు పట్టేసినయ్.
మర తలను ఎవడో కూరగాయల కత్తితో తిప్పి తిప్పి
గాటు లేకుంట చేసిండు. ఆకురాయితో కొత్త గాటు పెట్టిన.
స్ప్రింగు రెండు తునకలు.
మిషన్ దారాన్ని బిగబట్టే స్ప్రింగేసి చూసిన,
బట్టకు అలవాటైన పానం, గుర్రాన్ని లేపలేకపోయింది.
ఆఖరికి నాయిన గొడుగుల దొరికింది సరైనది.
పదేండ్ల సంది చిలక్కొయ్యకు ఏలాడుతున్న గొడుగు,
ఇగ అది తెరుచుకోదు.
పిడికి ఒక పక్క చెక్క లేదు.
సిరొంచల టేకుకు కరువా?
విరిగిన మంచం కోడు చెక్కి, గాజుపెంకుతో గీకి,
మిషన్ నూనె తాపిన.

ఠాణా నుంచి ఒకతను రానే వచ్చిండు.
బడి ముద్ర ఉన్న కాయితం చూపెట్టిన.
చదివిండు. గొట్టంల చిటికెన వేలు పెట్టి చూసిండు.
చాయ్ తాగిండు. పోతపోత అన్నడు,
"పేల్చేముందు జెర చెప్పుండ్రి,
మా పోరగాళ్లు కొత్తోళ్లు, భయపడ్తరు."

ప్రాణహిత ఇసుకల పేల్చి చూసినం.
అవతలి ఒడ్డు తెలంగాణ.
చప్పుడు అటు పోయి, కొంచెం ఆలోచించుకొని,
తిరిగొచ్చింది.
కొంగలు లేచినయ్. పుచ్చపాదులకు నీళ్లు పోసే ముసలాయన
కుండ దించలేదు, చెవుడేమో.

ఆటల పండుగనాడు
సున్నపు గీత మీద ఎనిమిది మంది.
సారు చెయ్యెత్తిండు. పేలింది.
ఏడుగురు ఉరికిండ్రు.
నాలుగో వరుసల కుర్సం జంగుబాయి,
అడవి అంచు ఊరి పిల్ల,
బోర్ల పడుకొని ఉన్నది. రెండు చేతులు తల మీద,
మోచేతులు నేలకు ఆనించి,
ఎవలో నేర్పినంత సక్కగ.

నవ్వబోయిన మైదానం నవ్వలేకపోయింది.

సారు పక్కన గొంతుకూసున్నడు.
పిస్తోలు ఆ పిల్ల చేతుల పెట్టిండు.
చానాసేపు తిప్పి తిప్పి చూసింది.
గడ్డిపోచ తెంపి గొట్టంల దూర్చింది.
గోరంత పోయి ఆగింది.
"తొవ్వ లేదు" అన్నది.
"లేదు బిడ్డా."
నమ్మలేదు. ఇంకో పోచ తెంపింది.

పందెం మర్ల పెట్టిండ్రు.
ఈసారి చెయ్యెత్తింది ఆ పిల్లనే,
కండ్లు మూసుకొని, మొహం పక్కకు తిప్పి.
ఆ ఏడు జంగుబాయి ఉరకలేదు.
అందరిని ఉరికించింది.

నా కూలి నలభై. ఇరవై ఇచ్చిండు, ఇరవై బాకి.
కొట్టుల, గుండీల డబ్బాల,
ఒక మర మిగిలే ఉన్నది.
ఆ పిస్తోలుదే, కాని ఎక్కడిదో అంతుపడ్తలేదు.
మూడేండ్ల సంది
అది లేకుంటనే పేలుతున్నది.