హస్త

బెళుగుప్ప దాటి తారు ముగిసే చోట
మంద ఆగింది. నూట పద్నాలుగు జీవాలు.
నా సంచిలో ట్యాబు, సూదుల పెట్టె,
ఒకటి నుంచి అయిదు దాకా గళ్ళు గీసిన కాగితం.
ఒకటంటే ఎముక. అయిదంటే కొవ్వు.

శిక్షణలో చెప్పారు:
పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయండి, గొర్రె వెన్ను అలా తగిలితే ఒకటి.
అరచేతిలో బొటనవేలి దిమ్మ నొక్కండి, అలా తగిలితే నాలుగు.
గొర్రె బతుకంతా మన చేతిలోనే ఉందే అని
అనంతపురంలో ఫ్యాను కింద కూర్చుని నవ్వుకున్నాం.

బీరలింగప్ప నవ్వలేదు.
కంబళి భుజం మార్చుకుని అన్నాడు,
"కండ్లు మూసుకోమ్మా. ఉన్ని ముందర కండ్లు పనికిరావు."

నిజమే.
మార్గశిరపు చలికి ఉబ్బిన నల్ల ఉన్ని
ప్రతి గొర్రెనూ షావుకారును చేసి నిలబెట్టింది.
కడుపునూ నమ్మడానికి లేదు.
సంతకు తోలే ముందు ఉప్పు నాకించి నీళ్ళు తాపి
డోలులా బిగించేవాళ్ళున్నారు.
"నేనూ చేసినా ఒగసారి, అప్పు వాయిదా దినం"
అన్నాడు, తల దించకుండానే.

అబద్ధం చెప్పడం రానిది ఒక్క చోటే:
ఆఖరి పక్కటెముక దాటాక, తుంటి ఇంకా రాకముందు,
ఆ జానెడు నడుము.

బొటనవేలు వెన్ను మీద.
నాలుగు వేళ్ళు పక్క ఎముకల కొసల కింద.
గొర్రె ఊపిరి నా మోకాలికి వెచ్చగా తగులుతోంది.

మొదటిది రంపం.
రెండోది, గులకరాళ్ళ మీద తడిగుడ్డ పరిచినట్టు.
ఏడోదో ఎనిమిదోదో, నొక్కితే గాని ఎముక పలకలేదు.
మూడు, అని రాశాను.

"మూడు కాదమ్మా అది. హస్త."

నాకు అర్థం కాలేదు.
తన చెయ్యి నా చేతి మీద పెట్టి ఇంకొంచెం అదిమాడు.
తుమ్మబెరడు లాంటి చెయ్యి.
"ఆరుద్రలో సినుకు ల్యాదు. పునర్వసు ఎండిపాయ.
మఖ మబ్బు సూపిచ్చి పాయ.
ఈ మెత్తన ఉంది సూడు, గోరు మందం,
ఇది హస్తలో పడిన వాన.
నాలుగు దినాలే. గుట్టెనక గడ్డి లేసింది.
దాన్ని ఈడ దాసుకునింది."

మండలాఫీసు వానకొలతలో
ఆ నాలుగు రోజులకూ సున్నాలే ఉన్నాయి.
గుట్ట దాటి ఇవతలికి రాలేదు ఆ వాన.

తర్వాత చెవి చీలిన గొర్రె వచ్చింది.
చెయ్యి వెయ్యగానే వెనక్కి తీసుకున్నాను,
కత్తి మొన తగిలినట్టయి.
ఒకటి నొక్కితే ట్యాబులో ఎర్రగడి తెరుచుకుంది:
మంద నుంచి తొలగించవలెను.

చదివి వినిపించాను.
ఆయన మంద చివర నిక్కుతున్న పొగరు గొర్రెను చూపించాడు.
నాలుగున్నర ఉంటుంది, నడుము మీద గిన్నె పెడితే కదలదు.
"అది మూడేండ్లయినా ఈనలేదు. కల్యాణదుర్గం కటికాయన బయానా ఇచ్చినాడు.
ఇదేమో జత పిల్లల్ని యేసింది."
అంతే అన్నాడు.
రెండు పిల్లలు అప్పుడే దూసుకొచ్చి
ఆ ఎముకల గూడు కింద మోకాళ్ళు మడిచి
పొదుగును తలలతో కుమ్ముతున్నాయి.
ప్రతి కుమ్ముకూ అది ఒక అడుగు కదిలి
మళ్ళీ నిలదొక్కుకుంటోంది.

దానికీ పడే ఉంటుంది హస్త వాన.

బీరలింగప్ప కంబళి కొస విప్పి
శెనగచెక్క పిడికెడు దాని మూతి కింద పట్టాడు.
మిగతావి ఎగబడితే మోకాలడ్డం పెట్టాడు.

ఇతర వివరాల గడిలో ఇరవై అక్షరాలే పడతాయి.
ఆలోచించి, ఇచ్చేసింది, అని రాశాను.
సిగ్నలు లేదు. అక్షరాలు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం బస్సులో
చిల్లర ఇస్తూ కండక్టరు ముక్కు ముడిచాడు.
వేళ్ళ నిండా జిడ్డు, గొర్రె వాసన.
సంచిలో సబ్బు ఉంది. దిగాక కొళాయీ ఉంది.
కడుక్కోలేదు.