రెండు వేళ్ళ తక్కువ

మంగళవారం వండలూరు జూకి సెలవు.
జనం లేని దారిలో నా పాత టీవీఎస్ చప్పుడుకి
కొమ్మల్లోంచి ఏదో పిట్ట నన్ను తిట్టిపోసింది.

ఫోనులో చెప్పింది ఇంతే:
"నీళ్ళు గీతదాకా రావడంలేదు, మోటారు చూడాలి."

తాంబరంలో ఇరవై రెండేళ్ళుగా పంపుల పని నాది.
అపార్ట్‌మెంట్ల సంపులు, కల్యాణమంటపాల బోర్లు,
ఒకసారి చర్చిలో బాప్తిస్మం తొట్టి కూడా.
నీళ్ళు ఎందుకు రావో నాకు తెలుసు:
ఫుట్‌వాల్వులో ఆకు అడ్డం పడుంటుంది,
లేదా ఎవడో గేటు తిప్పి మరిచిపోయుంటాడు.

బోర్డు మీద అరవంలో నీర్‌యానై అని ఉంది.
మా ఇంట్లో నీటిగుర్రం అంటాం.
ఏనుగని వాళ్ళు, గుర్రమని మేము
గట్టున నిలబడి పేర్లు విసురుతుంటే
అది చెవులు రెండూ విదిలించుకుని
మునిగిపోయింది.

కాపలా మునిరత్నం కాళహస్తి వైపు మనిషి.
తెలుగు మాట్లాడి చాన్నాళ్ళయినట్టుంది,
కొంగున ముడేసిన చిల్లర లెక్కపెట్టినట్టు
ఒక్కో మాటే తీశాడు.
"నాలుగో మెట్టు మీద ఆ పాకుడు గీత చూడు.
నీళ్ళు దానికి రెండు వేళ్ళ కింద ఆగిపోతున్నాయి."

మోటారు విప్పాను. బిగించాను.
ఆంపియర్లు సరిగ్గా ఉన్నాయి.
టైమరు ఎప్పటిలాగే మూడు గంటలు తిరిగి ఆగింది.
గోడ మీద సుద్దగీత గీసి
లీకు కోసం గంటసేపు కాపు కాశాను.
గీత గీతలాగే ఉంది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
మధ్యమధ్యలో రెండు ముక్కుపుటాలు పైకొచ్చి
ఒక బస్సు నిట్టూర్చినట్టు ఊపిరి వదిలి పోయేవి.

మధ్యాహ్నం గుమ్మడికాయ వాసనకి
అది గట్టెక్కింది.
అంత శరీరం, ఇంతింత కాళ్ళు.
నీళ్ళు జారిన వీపు మీద ఎర్రగా ఏదో ఊరుతోంది.
"నెత్తురా?" అని లేచి నిలబడ్డాను.
"చెమటలాంటిదే. ఎండకి దానికి అలా ఊరుతుంది," అన్నాడు.
నోరు తెరిచింది. కాయ ఒక్కసారే పగిలింది.
టప్పుమన్న ఆ చప్పుడుకి నేను కళ్ళు తిప్పుకుంటే
చూపు సుద్దగీత మీద పడింది.

నీళ్ళు రెండు వేళ్ళు దిగి ఉన్నాయి.

తినేసి మళ్ళీ కొలనులోకి జారింది.
నీళ్ళు మెల్లగా వచ్చి గీతను తాకాయి.

మునిరత్నం వైపు చూశాను.
అతను బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని,
ఎటో చూస్తూ చెప్పాడు:
"పోయిన అమావాస్యకి పెద్దాయన పోయాడు.
పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ ఇందులోనే.
డాక్టరు వచ్చాడు, రిజిస్టర్లో రాసుకున్నారు,
టైమరుకి మాత్రం ఎవరూ చెప్పలేదు."

పది నిమిషాలు పెంచితే సరిపోతుంది.
స్క్రూడ్రైవరు తీశాను.
"ఉండనీ," అన్నాడు,
"ఆ పాకుడు ఎండి రాలేదాకా."

ఆఫీసులో గుమస్తా బిల్లు పుస్తకం తోశాడు.
మోటారు బాగుంది. లీకు లేదు.
వచ్చిన ఛార్జీ మూడు వందలు.
"మరి నీళ్ళేమైనట్టు?
కారణం గడి ఖాళీగా ఉంటే పైన ఒప్పుకోరు," అన్నాడు.

కాసేపు పెన్ను పట్టుకుని ఊరుకున్నాను.
ఆవిరి, అని రాశాను.