మొగలి బట్టీ దగ్గర నాలుగో ప్రశ్న

రంగైలుండ దాటాక
ఇసుక దారి నల్లబడే చోట తాటాకు పాక.
లోపల ఏడు రాగి డేగిసాలు,
ఏడింటి మూతుల చుట్టూ బంకమట్టి.
తెల్లారకముందే కోసిన మొగలిపూలు
డేగిసాకి ఎనిమిది వందలు.
లెక్క ఒరియాలో, తిట్లు తెలుగులో.
దండాసి తాత నాలుక మీద
ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకోవు.

నేను బరంపురం కాలేజీలో
థర్మోడైనమిక్స్ రెండుసార్లు తప్పినదాన్ని.
నాలుగో ప్రశ్న: సమతాస్థితికి నియమం రాయుము.
రాశాను. కొట్టేశాను. గంట కొట్టేశారు.
ఇప్పుడిక్కడ రోజుకూలికి మంట కాస్తున్నాను,
సరుగుడు పుల్ల ఎక్కువైతే తిట్లు,
తక్కువైతే ఇంకా పెద్ద తిట్లు.

మొగలి నూనె ఒంటరిగా మరగాలంటే
రెండొందల డిగ్రీల దాకా పోవాలి.
అప్పటికి పువ్వు బొగ్గు.
కానీ నీళ్లతో ఎన్నడూ కలవని ఆ నూనె
నీళ్ల పక్కన కూర్చుంటే చాలు.
ఎవరి ఒత్తిడి వాళ్లదే,
ఒకరి మాట ఒకరు వినరు,
అయినా రెండు ఒత్తిళ్లూ కూడితే
బయటి గాలి బరువుకి సరిపోతుంది.
వందకి ఒక్క పిసరు ముందే
ఇద్దరూ ఆవిరై వెదురు గొట్టం ఎక్కుతారు.
పుస్తకంలో ఇది అరపేజీ.
తాతకి అరచెయ్యి.
తొట్టిలో మునిగిన భాప్కా మెడ తాకి
"ఇంకా" అంటాడు, లేదా ఏమీ అనడు.

పొద్దున్నే తేరిన నూనె పైన, నీళ్లు అడుగున.
నీళ్లు మళ్లీ డేగిసాలోకే పోస్తాం.
ఎన్నిసార్లు తిప్పి పోసినా
తన వాటా వాసన నీళ్లు వదలవు.
నా జడ కూడా.

ఆ పుస్తకంలోనే ఇంకో మాట: ఫ్యుగాసిటీ.
పారిపోవాలనే తహతహకు పెట్టిన కొలత.
అన్నివైపులా అది సమానమైతే
ఎవరూ కదలనట్టే ఉంటుందట.
పోయేవాళ్లు పోతూనే ఉంటారు,
వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, లెక్క మారదు.
మా వీధిలో ఆ లెక్క తేలలేదు.
సూరత్ మగ్గాలకని రైలెక్కినవాళ్లు పద్నాలుగురు.
దిగినవాళ్లు ఇద్దరు.
ఒకడికి రెండు వేళ్లు లేవు.

పక్కన కొర్లమ్మ గుల్లసున్నం బట్టీ.
మూత వేసి కాల్చొచ్చుగా, పొగ తగ్గుతుంది,
అన్నాను వచ్చిన కొత్తలో.
చేటతో మొహం కప్పుకుని నవ్వింది.
"దాని ఊపిరి దాన్ని పోనీకపోతే
గుల్ల గుల్లలాగే ఉండిపోద్ది పిల్లా."
పాక వెనక గోడకి పోయినేడు కొట్టిన సున్నం
అదే ఊపిరిని గాలిలోంచి
గుటక గుటకగా వెనక్కి తాగుతోంది.
గోరుతో గీస్తే ఇప్పుడు రాలడం లేదు.
గోడ మళ్లీ గుల్ల అవుతోంది,
ఎవరికీ చెప్పకుండా.

నిన్న రాత్రి వాన ఆగి ఉక్కపోసింది.
నేను కునికాను.
తొట్టి నీళ్లు కాగిపోయాయి,
భాప్కా చెయ్యి పెట్టనివ్వలేదు,
మట్టి పగిలి కీచుమంటూ
పాకంతా ఆవిరి, ఎనిమిది వందల పూల ఆవిరి,
సముద్రం వైపు పోతోంది.
తాత తడి గోనె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
"అటూ ఇటూ వేడి సమానమైపోయింది తాతా," అన్నాను
ఏం అనాలో తెలీక.
"సమానమైతే మనకి కూలెక్కడిదే?
మంట మంటలాగుండాల, తొట్టి సల్లగుండాల.
ఆ మద్దినే మన బతుకు. తియ్యి, నీళ్లు తోడు."

పందొమ్మిదో తారీఖున సప్లిమెంటరీ.
జవాబు ఈసారి కొట్టెయ్యను:
ప్రతి పదార్థానికీ ఆవిరిలో ఉన్న రసాయన శక్మం
ద్రవంలోనూ అంతే ఉండాలి.
దాని కింద, వాళ్లు అడగకపోయినా,
అరచేతుల బొబ్బలు ఆరకముందే
ఒక లైను రాయాలని ఉంది:
నూతి దగ్గర్నుంచి తొట్టి దాకా
నలభై మూడు బకెట్లు.