అరవై మూడో ఆట

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో
కూర్మారావు కొట్టు. గంటకి మూడు రూపాయలు.
క్యాసెట్టు మీద తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలని ఉంటుంది,
లోపలున్నవి డెబ్బై.

అరవై మూడోది ఎవరూ ఆడరు.
పేరుండాల్సిన చోట విరిగిన గీతలు.
ఒక పడవవాడు. మొహమంటే మూడు చుక్కలు.
గెంతమంటే కాసేపు ఆలోచిస్తాడు,
ఈలోపు మొసలి వచ్చేస్తుంది.

"ఏట్రా గుంటడా, డబ్బులట్టుకెల్లి నీల్లల్లో ఎయ్యడం?"
రోజూ అదే మాట.

మూడో రేవు దాటాక వంతెన లేదు.
గీసినవాడు మర్చిపోయాడో,
నిద్ర ముంచుకొచ్చిందో, ఆ నెల జీతం అందలేదో.
ఆ అంచున నిలబడి కిందికి నొక్కితే మాత్రం
చేపలు నీళ్ళు వదిలి
చుక్కల్లోకి ఈదుతాయి.
పాట ఒక్క స్వరం మీద ఆగిపోయి
అలా మోగుతూనే ఉంటుంది.
తప్పేనట అది.
నేను గెలిచిన ఆటలేవీ
ఇంత బాగా తప్పలేదు.

వోల్టేజి పడిపోయిన ఒక సాయంత్రం
పిల్లలంతా తిట్టుకుంటూ పోయాక
షట్టరు సగం దించి
కూర్మారావు పడవవాడి ముందు కూర్చున్నాడు.
మొసలి తినేసింది. మళ్ళీ తినేసింది.
నా వైపు చూడకుండానే అడిగాడు:

"ఆ సేపల్ని
ఎలాగ లేపినావురా?"